రెండు మీటర్ల పైకి నెత్తురు

(ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం పాఠం)



సుబ్బారావు గారి పేరు మీద జరిగే సభల్లో మందుల గురించి మాట్లాడటం ఆనవాయితీ. ఆయన చేతి మీదుగా, ఆయన నడిపిన ప్రయోగశాల నుంచి వచ్చిన మందులు అన్ని ఉన్నాయి మరి. నేను జిరాఫీ గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాదనలేదు. అందుకు వారికి కృతజ్ఞుణ్ణి. సంబంధం లేని విషయం తెచ్చానని మీరు అనుకోకూడదు. 1895లో భీమవరంలో పుట్టిన ఆ మనిషి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, కండరం తన పనికి కావలసిన శక్తిని ఏ రూపంలో దాచుకుంటుందో వెతికారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. 1929లో ఏటీపీ. గుండె కూడా కండరమే కదా. ఆ తర్వాత దాదాపు ఇరవయ్యేళ్లకు, లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన హెట్రజాన్ వచ్చింది. బోదకాలు తెచ్చే పురుగు మీద పనిచేసే మందు అది. ఆయన పనిలో ఒక కొన గుండె కండరం దగ్గర ఉంది, ఇంకో కొన వాచిన కాలి దగ్గర ఉంది. ఈ రెండు కొనల మధ్యా అయిదు మీటర్ల ఎత్తున నిలబడ్డ జంతువు జిరాఫీ.

ప్రశ్న చిన్నదే. ఎదిగిన జిరాఫీ తల నేలకు నాలుగున్నర, అయిదు మీటర్ల ఎత్తులో ఉంటుంది. మెడలో ఎముకలు మనకున్నట్టే ఏడు. గుండె ఛాతీలో ఉంటుంది, అక్కడి నుంచి మెదడుకు రెండు మీటర్ల దారి, అదీ నిట్టనిలువున. ఆ దారిన నెత్తురు ఎలా ఎక్కుతోంది? నీళ్లు తాగడానికి ముందుకాళ్లు ఎడంగా చాపి తల నేలకు దించినప్పుడు అంత నెత్తురూ మెదడు మీద ఎందుకు విరుచుకుపడదు? తాగడం అయ్యాక తల ఎత్తగానే కళ్లు తిరిగి ఎందుకు పడిపోదు?

ఈ ప్రశ్నలకు మనం చిన్నప్పటి నుంచీ విన్న జవాబులు మూడు. ఒకటి, జిరాఫీకి బ్రహ్మాండమైన గుండె ఉందని. రెండు, మెడ మొత్తం ఒక సైఫన్‌లా పనిచేస్తుందని. మూడు, మెదడు కింద నెత్తురును పీల్చుకునే స్పాంజి లాంటి నాళాల వల ఉందని. మూడూ వినడానికి బాగుంటాయి. కొలిచి చూసినప్పుడు మొదటిది తప్పని తేలింది, రెండోది నిలబడలేదు, మూడోది దాని అర్హతకు మించిన పేరు తెచ్చుకుంది. జిరాఫీ మెదడుకు నెత్తురు అందుతున్నది ఏ కిటుకు వల్లా కాదు. ఎత్తుకు అయ్యే ఖర్చంతా గుండె ఒత్తిడి రూపంలో కడుతోంది. ఆ ఒత్తిడి వల్ల వచ్చే కష్టాన్ని మెడలోని సిరలు, మూత్రపిండాలు, కాళ్లు తలా కొంత మోస్తున్నాయి. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగిలినదంతా దానికి సాక్ష్యం.

ఒత్తిడి అంటే ఏమిటో మొదట కంటికి కనిపించేలా చేసిన మనిషిని తలచుకుందాం. లండన్ పక్కన టెడింగ్టన్‌లో స్టీఫెన్ హేల్స్ అనే చర్చి మతగురువు ఉండేవారు. ఆయన ఒక ఆడగుర్రాన్ని వెల్లకిలా పడుకోబెట్టి కట్టించి, తొడలోని ధమనికి సన్నటి ఇత్తడి గొట్టం, దానికి పొడవాటి గాజు గొట్టం తగిలించారు. నెత్తురు ఆ గాజులో గుండె మట్టానికి పైన 8 అడుగుల 3 అంగుళాలు ఎగబాకి, గుండె కొట్టుకున్నప్పుడల్లా కొంచెం లేస్తూ, కొంచెం దిగుతూ నిలిచింది. 1733లో అచ్చయిన పుస్తకంలో ఈ సంగతి రాశారు. రక్తపోటును కొలవడం అదే మొదలు. పాదరసం లేదు, చేతికి చుట్టే పట్టీ లేదు. గుండె నెత్తురును ఎంత ఎత్తుకు నెట్టగలదో అంతే దాని ఒత్తిడి. మా విద్యార్థులకు రక్తపోటు పాఠం హేల్స్ గొట్టంతోనే మొదలుపెట్టాలని నేను ఎప్పుడూ పట్టుబట్టేవాణ్ణి. 120, 80 అనే అంకెలతో మొదలుపెడితే ఆ అంకెల వెనకున్న ఎత్తు వాళ్లకు ఎప్పటికీ కనిపించదు.

ఈనాటి లెక్కలో చెప్పాలంటే, ఒక మీటరు నిలువు నెత్తురు సుమారు 77 మిల్లీమీటర్ల పాదరసానికి సమానం. హేల్స్ గుర్రం గుండె అప్పుడు 190 మి.మీ. పైచిలుకు నెట్టిందన్నమాట. బెదిరిపోయి, కట్లలో ఉన్న గుర్రం అది. నెమ్మదిగా గడ్డి మేస్తున్న గుర్రంలో అంత ఉండదు.

ఈ 77 అనే అంకె ఒక్కటి చేతిలో ఉంటే చాలు. మనం నిలబడి ఉన్నప్పుడు మెదడు గుండెకు 30, 35 సెంటీమీటర్ల పైన ఉంటుంది. గుండె దగ్గర సగటు ఒత్తిడి 95 అనుకుంటే, మెదడు దగ్గరకు వెళ్లేసరికి పాతిక దాకా తరుగుతుంది. మిగిలిన 70 మనకు సరిపోతోంది. ఇప్పుడు అదే 70 జిరాఫీ మెదడుకూ కావాలనుకుందాం. రెండు మీటర్లకు 154 తరుగుతుంది. అంటే గుండె దగ్గర సగటు ఒత్తిడి 220 దాటాలి. గుర్తుంచుకోండి, ఇది సగటు. గుండె ముడుచుకున్నప్పటి అంకె ఇంకా పైన ఉంటుంది. ఒక మనిషిలో ఈ అంకె కనిపిస్తే ఏ వైద్యుడూ ఆయన్ని ఇంటికి పంపడు. జిరాఫీకి అది మామూలు రోజు.

లెక్క వేయడం తేలిక. కొలవడమే కష్టం. టన్ను బరువుండి, ఒక తాపుతో సింహాన్ని చంపగల జంతువు ధమనిలో గొట్టం పెట్టాలి. ఆ పనికి మొదట పూనుకున్నవాళ్లలో రాబర్ట్ గోట్జ్‌ను ప్రత్యేకంగా చెప్పాలి. నాజీల కాలంలో జర్మనీ వదిలి, చివరకు దక్షిణాఫ్రికా చేరిన శస్త్రవైద్యుడు ఆయన. కేప్‌టౌన్‌లో పనిచేస్తూ 1950లలో సహచరులను వెంటబెట్టుకుని జిరాఫీల దగ్గరకు వెళ్లారు. ఆ తర్వాత జేమ్స్ వారెన్, ఒట్టో గావర్ లాంటి ప్రసిద్ధ శరీరధర్మ శాస్త్రవేత్తలు ఆయనతో కలిశారు. వాళ్ల కొలతలు 1960లో అచ్చయ్యాయి. గుండె దగ్గరి ఒత్తిడి మన దానికి రెండింతలు, మెదడు దగ్గరికి వెళ్లేసరికి మన దాని లాగే. లెక్క ఏం చెప్పిందో కొలతా అదే చెప్పింది.

ఇక్కడ ఒక ముక్క చెప్పకుండా ముందుకు పోలేను. అదే 1960లో, మే 2న, న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో ఇదే గోట్జ్ ఒక రోగి ఛాతీ తెరిచి, రొమ్ము లోపలి ధమనిని గుండె మీది కరోనరీ ధమనికి కలిపారు. మనిషిలో విజయవంతమైన మొట్టమొదటి కరోనరీ బైపాస్ అదేనని ఇప్పుడు చరిత్రకారులు ఒప్పుకుంటున్నారు. ఆ రోజుల్లో తోటి వైద్యులు ఆ పనిని మెచ్చుకోలేదు. చాలాకాలం ఆ ఘనత వేరేవాళ్ల పేరు మీదే నడిచింది. సుబ్బారావు గారి స్మృతి సభలో ఈ మాట చెప్పకుండా ఎలా ఉంటాను? జిరాఫీ ధమనుల మీద ఏళ్ల తరబడి పనిచేసిన చేతులు మనిషి గుండె ధమనిని ముట్టడానికి జంకలేదు. ఈ రెండు పనులకూ సంబంధం లేదని ఎవరైనా అంటే నేను నమ్మను.

కట్టేసిన జంతువులో కొలిచిన అంకెను పూర్తిగా నమ్మవచ్చా అన్న అనుమానం హేల్స్ గుర్రం నాటి నుంచీ ఉన్నదే. అందుకే 1960లలో రాబర్ట్ వాన్ సిటర్స్, డీన్ ఫ్రాంక్లిన్ తదితరులు ఇంకో దారి పట్టారు. జిరాఫీ మెడలోని కెరోటిడ్ ధమనిలో ఒత్తిడి కొలిచే పరికరం అమర్చి, రేడియో ప్రసారిణి కట్టి, దాన్ని మైదానంలోకి వదిలేశారు. అది నడిచినా, పడుకున్నా, పరిగెత్తినా అంకెలు గాలిలో వచ్చి చేరాయి. 1966లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఆ పని ఇవాళ చదివినా ఒళ్లు పులకరిస్తుంది.

ఇక గుండె సంగతి. జిరాఫీ గుండె 11 కిలోలని పుస్తకాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. ఒంటి బరువులో అది మిగతా క్షీరదాల గుండె కంటే ఎన్నో రెట్లు పెద్దదని కూడా రాస్తారు. దక్షిణాఫ్రికాలో గ్రాహం మిచెల్, జాన్ స్కిన్నర్ అనేక జిరాఫీల గుండెలు తూచి, 2009లో లెక్క తేల్చారు. గుండె బరువు శరీర బరువులో అరశాతం దగ్గరే ఉంది. ఆవుకైనా, మనకైనా ఇంచుమించు అంతే. టన్ను బరువున్న జిరాఫీకి అయిదు కిలోల గుండె. అదే సామానుతో రెండింతల ఒత్తిడి తెస్తోందంటే తేడా ఎక్కడుంది?

ఆకారంలో ఉంది. ఎడమ జఠరిక గోడ చాలా మందం. ఎదిగిన పెద్ద మగజంతువుల్లో ఏడెనిమిది సెంటీమీటర్ల దాకా ఉంటుంది. లోపలి గది చిన్నది. భౌతికశాస్త్రం చదివినవాళ్లకు లాప్లాస్ సూత్రం గుర్తుండే ఉంటుంది. గదిలో ఒత్తిడి పెరిగినా, గది వ్యాసార్ధం తగ్గి గోడ మందం పెరిగితే గోడలోని ఒక్కొక్క కండరపోగు మీద పడే లాగుడు పెరగదు. మోర్టెన్ స్మెరప్, ఆయన సహచరులు 2016లో చూపించింది ఇదే. జిరాఫీ గుండె కండరంలో ప్రతి పోగూ మోసే బరువు మిగతా జంతువుల్లో లాగానే ఉంది. దీనికి చెల్లించే మూల్యం కూడా వాళ్లు చూపించారు. గది చిన్నది గనక ఒక్కో కొట్టుకోలుకు బయటకు పంపే నెత్తురు తక్కువ. నిమిషానికి పంపగల మొత్తానికీ హద్దు ఉంది. ఒత్తిడి రెండింతలు కాబట్టి, పంపే ప్రతి మిల్లీలీటరుకూ ఆ గుండె చేసే పని రెండింతలు. ఆ పనికి ఖర్చయ్యేది ఏటీపీ, దాని వెనక నిల్వగా నిలిచేది ఫాస్ఫోక్రియాటిన్. సుబ్బారావు గారు కండరం నలిపి, ఫాస్ఫరస్ నీలిరంగు తేల్చి పట్టుకున్నది ఈ నాణేన్నే.

మిచెల్, స్కిన్నర్ చూపిన ఇంకో సంగతి నాకు చాలా ఇష్టం. పుట్టినప్పుడు జిరాఫీ దూడ మనిషంత ఎత్తు ఉంటుంది, మెడ ఇంకా పొట్టి. గుండె గోడ కూడా ఆ వయసులో పలచనే. మెడ సాగుతున్న కొద్దీ ఒత్తిడి పెరుగుతుంది, దాంతోపాటే జఠరిక గోడ మందమవుతుంది. మెడ పొడవుకూ గోడ మందానికీ నేరుగా లెక్క కుదిరింది. అంటే ఆ గుండె ఎత్తును చూసి కాదు, ఎత్తు తెచ్చిన బరువును మోస్తూ మోస్తూ మందమైంది.

ఇప్పుడు సైఫన్ వాదానికి వద్దాం. ఇది మామూలు పొరపాటు కాదు, తెలివైనవాళ్లు గట్టిగా వాదించిన సిద్ధాంతం, అందుకే దీనికి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటాను. 1980లలో హెన్రీ బదీర్, జేమ్స్ హిక్స్ అడిగిన ప్రశ్న న్యాయమైనదే. నెత్తురు ధమనిలో ఎక్కడమే కాదు, సిరలో దిగుతోంది కూడా. దిగే నెత్తురు బరువు ఎక్కే నెత్తురును లాగాలి కదా? డ్రమ్ములోంచి రబ్బరు గొట్టంతో కిరసనాయిలు తీసేటప్పుడు చూస్తాం. ఒకసారి పారడం మొదలైతే దిగే వైపు ఎక్కే వైపును లాక్కుపోతుంది, ఎవరూ నెట్టనక్కరలేదు. మెడ కూడా అలాంటి వంపు తిరిగిన గొట్టమే అయితే గుండె ఎత్తుతో పోరాడనవసరం లేదు. నెత్తురు గొట్టాల్లో రాపిడిని దాటిస్తే చాలు. మరి 200 ఒత్తిడి ఎందుకు? నాళాలు నొక్కుకుపోకుండా తెరిచి ఉంచడానికని వాళ్లు జవాబు చెప్పారు.

ఈ వాదంలో ఒకే ఒక్క మెలిక ఉంది. కిరసనాయిలు గొట్టం రబ్బరుది, గట్టిది. దాని బదులు తడిసిన పల్చటి ప్లాస్టిక్ గొట్టం వాడితే దిగేవైపు లోపలి ఒత్తిడి బయటి గాలి కంటే తగ్గగానే గోడలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, లాగుడు అక్కడే తెగిపోతుంది. జిరాఫీ మెడలో నెత్తురు దిగే జుగులర్ సిర రబ్బరు గొట్టమా, ప్లాస్టిక్ పొరా? అడిలైడ్‌లో రోజర్ సేమూర్ లాంటివాళ్లు అది పొరేనని ఏళ్ల తరబడి వాదించారు. కాని వాదంతో తేలే విషయం కాదది.

తేల్చింది డెన్మార్క్ బృందం. ఆర్హూస్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎమిల్ బ్రౌండమ్, క్రిస్టియన్ ఆల్కియార్, టోబియాస్ వాంగ్ తదితరులు దక్షిణాఫ్రికా వెళ్లి, అయిదు జిరాఫీలకు మత్తిచ్చి, నిలబడ్డ భంగిమలోనే వేలాడదీసి, మెడను తాళ్లతో పైకీ కిందకీ కదిలించే ఏర్పాటు చేశారు. కెరోటిడ్ ధమనిలో, జుగులర్ సిరలో ఒకేసారి ఒత్తిడి, ప్రవాహం, నాళం వెడల్పు మూడూ కొలిచారు. 2009లో అచ్చయిన ఆ అంకెలు చూడండి. తల పైకి ఉన్నప్పుడు గుండె మట్టంలో సగటు ఒత్తిడి 193, తల దగ్గర ధమనిలో 118. తేడా 75, అంటే దాదాపు ఒక మీటరు నెత్తురు. ఇప్పుడు సిర చూడండి. గుండె దగ్గర 4 ఉంది. సైఫన్ నిజమైతే ఒక మీటరు పైన అది సున్నాకు 70 దాకా కిందికి పడిపోవాలి. కొలిస్తే ఉన్నది సున్నాకు 7 మాత్రమే కింద. సిర అడ్డుకోత వైశాల్యం ఒక చదరపు సెంటీమీటరులో ఏడో వంతు, అంటే అది నొక్కుకుపోయి ఉంది. నెత్తురు ఆ అతుక్కున్న గోడల మధ్య నుంచి జారుతోందే తప్ప పైదాన్ని లాగడం లేదు. ఎత్తు ఖర్చు మొత్తం గుండెదే.

ఆ ప్రయోగంలో రెండో సగం ఇంకా గొప్పది. తల కిందికి దించారు. ఇన్నాళ్లూ అందరూ అడిగిన ప్రశ్న ఇదే కదా, మెదడు మీద నెత్తురు విరుచుకుపడదా అని. దించగానే జుగులర్ సిరలో ప్రవాహం ఆగిపోయింది. అప్పటిదాకా పీలికలా ఉన్న సిర 3 చదరపు సెంటీమీటర్ల పైకి ఉబ్బింది. ఆ ఉబ్బులో 1.2 లీటర్ల దాకా నెత్తురు చేరింది. మెదడు నుంచి వచ్చిన నెత్తురే అది, తిరిగి గుండెకు వెళ్లలేక మెడలో నిలిచింది. దాంతో గుండెకు వచ్చే నెత్తురు తగ్గింది, గుండె పంపేది 30 శాతం తగ్గింది, గుండె మట్టంలో ఒత్తిడి 193 నుంచి 131కి దిగింది. సరిగ్గా తలకు అధిక ఒత్తిడి తగలబోయే సమయానికి మూలంలోనే ఒత్తిడి తగ్గిపోయింది. కెరోటిడ్ ధమనిలో ప్రవాహం మాత్రం తల పైకి ఉన్నప్పుడు ఎంత ఉందో కింద ఉన్నప్పుడూ అంతే, నిమిషానికి 0.7 లీటర్లు. తల ఎత్తగానే సిర మళ్లీ నొక్కుకుపోయి, దాచిన ఆ నెత్తురును గుండె ఒళ్లో పోస్తుంది. అవసరమైన క్షణానే గుండె నిండుతుంది, ఒత్తిడి లేస్తుంది, జంతువు కళ్లు తిరిగి పడదు.

ఆ పరిశోధన చదివినప్పుడు నన్ను కదిలించింది ఇదే. సిర మెత్తగా ఉండటం వల్లే సైఫన్ సాయం దక్కలేదు, గుండె ఎత్తు భారమంతా ఒంటరిగా మోస్తోంది. అదే మెత్తదనం తల దించినప్పుడు మెదడును కాచింది, ఎత్తినప్పుడు గుండెను నింపింది. సిర గట్టి గొట్టమై ఉంటే జిరాఫీకి ఒత్తిడి ఖర్చు తగ్గేదేమో గాని, నీళ్లు తాగడం ప్రాణాంతకమయ్యేది. ఇంకోటి కూడా గమనించాలి. జుగులర్ సిరలో కవాటాలు ఉన్నాయి. తల దించినప్పుడు ఒంట్లోని మిగతా నెత్తురు మెడలోకి వెనక్కి దూకకుండా అవి ఆపుతాయి. సిరలో చేరేది పైనుంచి వచ్చిందే. ఈ ప్రయోగం మత్తులో ఉన్న జంతువుల మీద జరిగింది. మెలకువగా ఉన్న జంతువుకు వీటికి తోడు నరాల ప్రతిచర్యలు కూడా ఉంటాయి. అవి గుండె వేగాన్ని, ధమనుల బిగువును క్షణాల్లో సర్దుతాయి. మెదడులోని చిన్న ధమనులు కూడా ఒత్తిడి పెరిగితే ముడుచుకుని, తగ్గితే విప్పారి ప్రవాహాన్ని నిలకడగా ఉంచుతాయి. ఇది మనలోనూ ఉంది. పుర్రె లోపల మెదడు చుట్టూ ఉన్న ద్రవం కూడా తలతోపాటే దిగుతుంది, దాని ఒత్తిడీ పెరుగుతుంది. నాళం లోపల ఎంత పెరిగిందో బయటా దాదాపు అంత పెరుగుతుంది గనక నాళం చిట్లదు.

మరి ఆ స్పాంజి? జిరాఫీ కెరోటిడ్ ధమని మెదడు అడుగుకు చేరాక సన్నటి ధమనుల వలగా చీలి మళ్లీ కలుస్తుంది. ఈ వల గొర్రెల్లో, ఆవుల్లో, జింకల్లో కూడా ఉంది. రెండో శతాబ్దపు గాలెన్ పశువుల్లో చూసి మనుషుల్లో కూడా ఉందని రాశాడు. పదమూడు వందల ఏళ్లకు పైగా వైద్యులు దాన్ని చూడకుండానే నమ్మారు. 1543లో వెసాలియస్ మనిషి తల కోసి, లేదని చెప్పాడు. మనిషిలో లేని వలను గాలెన్ ఉందన్నట్టే, జిరాఫీలో ఉన్న వలకు లేని పని మనం అంటగట్టాం. పొడవు మెడ లేని గొర్రెకు కూడా అది ఉన్నప్పుడు, మెడ పొడవుకే పుట్టిందని ఎలా అంటాం? ముక్కు నుంచి చల్లబడి వచ్చే సిరల నెత్తురు దాని పక్కనే పారి, మెదడుకు వెళ్లే ధమని నెత్తురును చల్లబరుస్తుందన్నదే దాని గురించి గట్టిగా నిలిచిన మాట.

మెదడుకు నెత్తురు అందించే ఒత్తిడి అక్కడితో ఆగదు, కిందికీ వెళుతుంది. గుండెకు రెండు మీటర్ల దిగువన ఉన్న పాదం దగ్గర గుండె ఒత్తిడికి నెత్తురు బరువు తోడవుతుంది. మనలో రోజంతా నిలబడే ఉద్యోగం చేసేవాళ్ల కాళ్లకే సాయంత్రానికి నీరు దిగుతుంది. జిరాఫీ కాళ్లు వాచిపోవాలి. కాని అవి కర్రల్లా సన్నగా, గట్టిగా ఉంటాయి. కాలిఫోర్నియాలో అలన్ హార్గెన్స్, ఆయన తోటి పరిశోధకులు 1987లో ‘నేచర్’లో దీనికి కారణం చూపించారు. కాలి చర్మం, దాని కింది పొర బిగుతుగా ఒంటికి అతుక్కుని ఉంటాయి, కేశనాళికల్లోంచి నీరు బయటకు రావడానికి చోటివ్వవు. నడిచినప్పుడు కండరాలు సిరల్లోని నెత్తురును, శోషరసాన్ని పైకి నెడతాయి. కేశనాళికల గోడలు కూడా ప్రోటీన్లను సులువుగా బయటకు వదలవు. నాసాకు ఈ విషయం మీద ఆసక్తి కలగడానికి కారణం ఉంది. యుద్ధవిమాన చోదకులు వేసుకునే, కాళ్లను బిగించే దుస్తులు చేసే పని ఇదే. డేనిష్ బృందం తర్వాత కాలి ధమనిలోనే ఒకచోట హఠాత్తుగా ఇరుకైన భాగాన్ని గుర్తించింది. అక్కడ గోడ మందం, నరాలు దట్టం. కిందికి వెళ్లే ఒత్తిడికి అక్కడ కళ్లెం పడుతోంది.

గోదావరి డెల్టాలో పుట్టిన సుబ్బారావు గారికి వాచిన కాళ్లు కొత్త కాదు. బోదకాలు ఆ ప్రాంతపు జబ్బు. అక్కడ వాపు తెచ్చేది ఒత్తిడి కాదు, శోషనాళాల్లో కాపురం పెట్టిన పురుగు. హెట్రజాన్ నెత్తురులోని పురుగు పిల్లలను చంపి జబ్బు వ్యాపించకుండా చేస్తుంది, పాతబడ్డ వాపును మాత్రం తగ్గించలేదు. అలాంటి కాళ్లకు నేటికీ వైద్యులు చెప్పే సంరక్షణలో శుభ్రతతో పాటు బిగుతుగా కట్టే పట్టీ, కదలిక ఉన్నాయి. జిరాఫీ చర్మం పుట్టుకతో చేసే పనిని మనం గుడ్డతో చేస్తున్నాం.

మూత్రపిండాల గురించి క్లుప్తంగా. మనిషిలో ఏళ్ల తరబడి రక్తపోటు ఎక్కువుంటే మొదట దెబ్బతినే అవయవాల్లో అవి ఉంటాయి. జిరాఫీ మూత్రపిండం చుట్టూ ఉన్న పొర దృఢమైనది, లోపల కణజాలపు ఒత్తిడే ఎక్కువ. అందువల్ల వడపోత నాళాల మీద పడే నికర భారం తగ్గుతుందని 2015లో డేనిష్ పరిశోధకులు చూపించారు. వడపోత వేగం కూడా తక్కువే.

వైద్య విద్యార్థులు నన్ను ఎప్పుడూ అడిగేది దీని తర్వాతి ప్రశ్న. రక్తపోటు ఎక్కువైతే మనిషి గుండె కూడా మందమవుతుంది కదా, మరి జిరాఫీకి గుండెజబ్బు ఎందుకు రాదు? మనిషి గుండె మందమైనప్పుడు కండరంతోపాటు పీచు కూడా పెరుగుతుంది. గుండె బిర్రబిగుసుకుపోతుంది. ముడుచుకోవడం బాగానే ఉన్నా, విప్పారి నిండలేక విఫలమయ్యే రోగులు మన ఓపీల్లో ఎందరో. జిరాఫీ గుండె మందంగా ఉండి కూడా పీచు కట్టదు, సులువుగా విప్పారుతుంది. బార్బరా నాటర్సన్ హోరోవిట్జ్, ఆమె సహచరులు 2021లో ఈ తేడానే మన రోగుల ముందు పెట్టారు. అదే ఏడాది చైనా, డెన్మార్క్ శాస్త్రవేత్తలు జిరాఫీ జన్యుపటంలో ఎఫ్‌జీఎఫ్‌ఆర్‌ఎల్‌1 అనే జన్యువులో అసాధారణమైన మార్పులు గుర్తించి, ఆ మార్పులను ఎలుకల్లోకి తెచ్చారు. యాంజియోటెన్సిన్ ఇచ్చి మామూలు ఎలుకల్లో రక్తపోటు పెంచితే గుండె, మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. జిరాఫీ మార్పులున్న ఎలుకల్లో ఒత్తిడి అంతగా పెరగలేదు, అవయవాలకు అంత హానీ లేదు. ఒక జన్యువుతో మన జబ్బు తీరుతుందని నేను చెప్పబోవడం లేదు. ఆ ఎలుకల ఎముకలు కూడా గట్టిపడ్డాయి, అంటే ఆ జన్యువు చేసే పనులు ఒకటికి మించి ఉన్నాయి. కాని మందమైన గుండె పీచు కట్టి తీరాలన్న నియమం ఏదీ లేదని జిరాఫీ రుజువు చేసింది. ఈ సభలోని కుర్రవాళ్లలో ఎవరో ఒకరు ఆ దారిన నడవాలని నా కోరిక.

ఎత్తు లెక్క జిరాఫీతోనే ఆగదు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అస్థిపంజరం నిలబెట్టి ఉంది. మన యామన్‌పల్లి దగ్గర, ప్రాణహిత గోదావరి లోయ రాళ్లలో దొరికిన డైనోసార్ అది. దాని తర్వాతి కాలపు బంధువుల్లో కొన్నింటికి మెడ తొమ్మిది మీటర్ల దాకా ఉండేది. ఆ మెడ నిటారుగా ఎత్తితే ఏమవుతుందో సేమూర్, హార్వీ లిల్లీవైట్ 2000లో లెక్క వేశారు. ఒత్తిడి 700 మి.మీ. దాకా వెళ్లాలి, దానికి తగ్గ గుండె గోడను ఆ ఛాతీలో ఊహించడం కష్టం. కాబట్టి అవి మెడను ఎక్కువగా అడ్డంగా చాపి మేసేవన్నది వాళ్ల అభిప్రాయం. అందరూ ఒప్పుకోరు. నాకైతే హేల్స్ గొట్టం ఆ ఎముకల ముందూ పెట్టి చూసినట్టే అనిపిస్తుంది.

చివరగా, మత్తువైద్యులకు ఒక మాట. భుజం శస్త్రచికిత్సల్లో రోగిని దాదాపు కూర్చోబెడతారు, బీచ్ చైర్ భంగిమ అంటారు. అలాంటి శస్త్రచికిత్సల తర్వాత మెదడుకో వెన్నుపాముకో నెత్తురు అందక దెబ్బతిన్న నలుగురి వివరాలను 2005లో అమెరికా వైద్యులు ప్రచురించారు. ఆ తర్వాత మత్తువైద్యుల్లో కూడా సైఫన్ వాదం రేగింది. మెదడు ఎత్తున ఉన్నా ఫర్వాలేదు, దిగే నెత్తురు లాగుతుందని కొందరన్నారు. జిరాఫీ సిరలో కొలిచిన అంకె ఆ మాటకు అడ్డం నిలుస్తుంది. మత్తులో ఉన్న రోగి నరాల ప్రతిచర్యలు మందగించి ఉంటాయి. చేతికి కట్టిన పట్టీ గుండె మట్టంలోని ఒత్తిడి చెబుతుంది. అక్కడి నుంచి చెవి రంధ్రం దాకా ఎత్తు 30 సెంటీమీటర్లుంటే 23 మి.మీ. తీసెయ్యండి. పరికరం చూపే సగటు 70 అయితే మెదడు దగ్గర ఉన్నది 47. పట్టీ పిక్కకు కట్టారా, అప్పుడు పిక్క నుంచి చెవి దాకా ఉన్న మొత్తం ఎత్తుకు తీసెయ్యాలి. ధమనిలో గొట్టం పెట్టి కొలుస్తుంటే సున్నా మట్టాన్ని చెవి రంధ్రం దగ్గర సరిచేయండి. రోగిని కూర్చోబెట్టిన ప్రతిసారీ, కోత పెట్టక ముందే, ఈ లెక్క కాగితం మీద వేసి శస్త్రవైద్యుడికి చూపించండి.